సారా తల్లి పేరు

ఆ ఏడు జూన్‌లో బడులు వేసవి సెలవులకి మూసిన మర్నాడే ఓజెల్లా పెద్దమ్మ ఫోన్ చేసి, "వీనీ, నా టోపీలు వచ్చి పట్టుకుపో" అంది.

మా పెద్దమ్మ టోపీలంటే మాటలు కాదు. ఆదివారం చర్చికి పెట్టుకెళ్ళేవి పద్నాలుగు, గుండ్రటి అట్టపెట్టెల్లో ఉంటాయి. ఏ పెట్టె మీద చెయ్యేసినా వేళ్ళు విరగ్గొడతానని చిన్నప్పటి నుంచీ మమ్మల్ని బెదిరించిన మనిషి ఆవిడ. "వచ్చే ఏడు నేనుండనే" అని పాతికేళ్ళుగా అంటూనే ఉంది, మేమెవరం పట్టించుకోలేదు. కానీ వ్యవహారం టోపీల దాకా ఎప్పుడూ రాలేదు. తొంభై మూడేళ్ళ మనిషి టోపీలు పంచిపెడుతోందంటే ఇక ఈసారి నిజంగానే అంటోందన్నమాట.

వెళ్ళేసరికి వరండాలో ఊగుడు కుర్చీలో కూర్చుని ఉంది. పెట్టెలన్నీ గోడవారగా పేర్చి ఉన్నాయి.

"ఏమిటీ వేషాలు పెద్దమ్మా? డాక్టరేమైనా అన్నాడా?"

"వాడి మొహం. గుండె కొట్టుకున్నన్నాళ్ళు కొట్టుకుంటుంది, తర్వాత ఆగుతుంది అన్నాడు. ఆ ముక్క చెప్పడానికి అంత చదువు చదవాలా? కూర్చో. నీతో పనుంది."

ఆ పనేమిటో చెప్పాలంటే ముందు మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. ఏటా ఆగస్టు రెండో ఆదివారం మా వాళ్ళందరం మౌంట్ నీబో చర్చి వెనక ఓక్ చెట్ల కింద కలుస్తాం. నూటయాభై మందికి ఎప్పుడూ తగ్గం. భోజనాల ముందు మాలో అందరికంటే పెద్ద ఆడమనిషి లేచి నిలబడి తల్లుల పేర్లు పిలుస్తుంది. తన తల్లి, ఆ తల్లికి తల్లి, అలా వెనక్కి వెళ్తుంది. ఒక్కో పేరుకీ మేమంతా "ఇక్కడే ఉన్నాం" అని పలకాలి. మటిల్డా, విన్నీ, జూడిత్, ఫీబీ, కెజయా, హ్యానా, సారా. మా ఇళ్ళల్లో పిల్లలకి అంకెలకన్నా ముందు ఈ పేర్లు వస్తాయి. ఆరేళ్ళప్పుడు నన్ను కుర్చీ ఎక్కించి చెప్పించారు. కెజయాని మింగేశాను. ఏడ్చినా వదల్లేదు, మళ్ళీ మొదటి నుంచీ చెప్పించారు. ఎందుకింత పట్టుదల అని ఎవరినీ అడిగిన గుర్తు లేదు. మా పద్ధతి అంతే అనుకునేవాళ్ళం.

సారా దగ్గరికొచ్చేసరికి పెద్దమ్మ ఆగిపోయేది. "సారా తల్లెవరో దేవుడికి తెలుసు" అని కూర్చునేది.

"మా అమ్మ పోయినప్పటి నుంచీ నేనే పిలుస్తున్నా" అంది ఆ రోజు నాతో. "ప్రతి ఏడూ ఆ పిల్ల దగ్గరకొచ్చి నోరు మూసుకుంటున్నా. ఆకాశంలోంచి ఊడిపడిందా అది? ఎవత్తో ఒకత్తె నొప్పులు పడి కనుంటుందిగా. ఆవిణ్ణి కూడా పిలిచి మరీ పోతా. ఆగస్టుకి నాకా పేరు కావాలి."

"మూడొందల ఏళ్ళనాటి పేరు నేనెక్కణ్ణుంచి తేను పెద్దమ్మా?"

"కోర్టు నుంచి. తెల్లవాళ్ళు ప్రతిదీ రాసిపెట్టుకుంటారు. మన నల్లవాళ్ళ గురించి మనకంటే వాళ్ళే ఎక్కువ రాసుకున్నారు. ఎండాకాలమంతా బస్సు నడపవుగా, కాళ్ళు చాపుకుని కూర్చోవడం తప్ప నీకేం పనుంది?"

ముప్పై ఏళ్ళుగా స్కూలు బస్సు నడుపుతున్నదాన్ని. అరవై మంది పిల్లల్ని ఒక్క చూపుతో కూర్చోబెడతాను. పెద్దమ్మ ముందు మాత్రం నా నోరు పెగలదు. సరేనన్నాను.

మా కౌంటీ కోర్టు కింద నేలమాళిగలో పాత రికార్డుల గది ఉంది. దాని మీద నోరా పిక్‌ఫర్డ్ అనే తెల్లావిడ అధికారం. నా ఈడుదే. ఆవిడ మనవడు నా బస్సులోనే ఎక్కుతాడు, మలుపు మలుపుకీ వాంతి చేసుకునే రకం. నన్ను చూడగానే గుర్తుపట్టి నవ్వింది గానీ, సంచీలో పెన్ను కనబడగానే ఆ నవ్వు కాస్తా ఎగిరిపోయింది.

"పెన్నులు బయటే వదలాలి లవీనియా గారూ. ఇక్కడ పెన్సిలే. కాఫీ కూడా కుదరదు."

"మనవడి చేత నా బస్సులో చిప్స్ తినిపిస్తారు, నా కాఫీ దగ్గరకొచ్చేసరికి రూలా?"

"వాడు తిన్నవన్నీ మీ సీటు మీదే తిరిగిచ్చేస్తున్నాడుగా, ఇంకేం కావాలి?" అంది. ఆ క్షణంలోనే మా ఇద్దరికీ కుదిరిపోయింది.

బయట వేరుశనగ చేలు మాడిపోతున్నాయి. ఆ గదిలో మాత్రం కిటికీ ఏసీ గడగడలాడుతూ చలి పుట్టించేది. నేను స్వెట్టర్ వేసుకుని కూర్చునేదాన్ని. పాత చేతిరాత చదవడం నోరాయే నేర్పింది. మొదటి వారమంతా అప్పట్లో ఎఫ్ లాగే రాసే ఎస్ అక్షరాలన్నీ నేను ఎఫ్ అనుకుని చదివాను. మధ్యాహ్నం మెట్ల మీద కూర్చుని ఇద్దరం తెచ్చుకున్నవి తినేవాళ్ళం.

"మీవాళ్ళు దొరుకుతారో లేదో గానీ, మావాళ్ళు ఇట్టే దొరికిపోయారు" అంది ఒకనాడు. "మా ముత్తాతకి ముత్తాత పక్కింటివాడి పందిని దొంగిలించాడు. కోర్టువాళ్ళు రెండు చెవులూ స్తంభానికి మేకులు కొట్టి, రెండు గంటలు నిలబెట్టి, తర్వాత కోసేశారు. మా నాన్న బతికున్నన్నాళ్ళూ మేం రాజవంశం వాళ్ళమని చెప్పుకున్నాడు పాపం."

రెండో వారంలో ఒక సన్నటి పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. బానిసలు కాని నల్లవాళ్ళందరూ అప్పట్లో కోర్టుకొచ్చి పేరు రాయించుకోవాలట. ఎత్తు, రంగు, మచ్చలు, అన్నీ రాసేవారు. 1826లో ఒక పుట మీద నా వేలు ఆగింది.

"ఫీబీ, వయసు ఇరవై ఒకటి, ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు, ఎడమ ముంజేతి మీద కాలిన మచ్చ. కెజయా కూతురు, కెజయా హ్యానా కూతురు, హ్యానా సారా కూతురు, ఆ సారా ఈ కోర్టు ఉత్తర్వుచే విడుదల పొందినది."

పైకి చదువుతుంటే నా గొంతు నాకే వింతగా వినబడింది. అవే పేర్లు, అదే వరస. చర్చి వెనక మేం చెప్పుకునేదే అక్కడ సిరాతో రాసి ఉంది.

"నోరా గారూ, ఇది మేం ఏటా చెప్పుకునే పాఠం. వీళ్ళకెలా తెలిసింది?"

"వీళ్ళకి ఆ పిల్లే చెప్పుంటుంది" అంది నోరా మెల్లిగా. "తల్లి బానిస కాకపోతేనే బిడ్డ బానిస కాదు, అప్పటి చట్టం అది. తల్లుల పేర్లు వరసగా చెప్పి రుజువు చేసుకుంటే కాగితం ఇచ్చేవారు. ఆ కాగితం లేకుండా దారిన పోతుంటే ఎవడైనా పట్టుకుని అమ్మేయొచ్చు. అందుకని పిల్లలకి ఊహ తెలిసీ తెలియగానే కంఠతా పట్టించేవాళ్ళు."

నన్ను కుర్చీ ఎక్కించి మా అమ్మ చెప్పించినదేమిటో యాభై రెండేళ్ళ తర్వాత ఆ నేలమాళిగలో తెలిసింది. ఏడుపొచ్చింది. నోరా లేచి వెళ్ళి ఏసీ మీట సరిచేస్తున్నట్టు నటించింది. కాసేపటికి నా దగ్గర కాగితపు రుమాలు పెట్టి, "పుట మీద పడనివ్వకండి" అంది.

కోర్టు ఉత్తర్వు అన్నారు కాబట్టి వెనక్కి వెళ్ళాం. 1745 నవంబరులో అదీ దొరికింది. "కెప్టెన్ జాన్ ప్రూయిట్ ఇంట పుట్టి, ముప్పై ఒక్క ఏళ్ళు నిండు వరకు ఆయనకు కట్టుబడిన ములాటో స్త్రీ సారా, తన గడువు తీరినదని కోర్టుకు మొర పెట్టుకొనగా, ఆమెను విడుదల చేయవలసినదని ఉత్తర్వు చేయడమైనది." ములాటో అంటే తల్లిదండ్రుల్లో ఒకరు నలుపు, ఒకరు తెలుపు అని. తండ్రి తెల్లదొరే అయ్యుంటాడు, మా వైపు కథలన్నీ అలాగే ఉంటాయి కదా అనుకున్నాను. తల్లి పేరు మాత్రం లేదు.

ఇంతలో లియాండర్ అన్న ఫోను. పెద్దమ్మ కొడుకు, చర్చిలో పెద్ద, మా కలయికల ఏర్పాట్లన్నీ ఆయనవే.

"ఏమే వీనీ, నేలమాళిగలో నిధి దొరికిందా?"

"దొరుకుతోంది. నువ్వు తొందరపడి ఏ పనీ చెయ్యకు."

"ఎప్పుడో చేసేశా. చొక్కాలు అచ్చుకిచ్చేశా, నూట ఎనభై. వీపు మీద ఈకల కిరీటం, కింద 'సారా, ఆదివాసీ రాజు కూతురు' అని. నారింజ రంగు."

"ఆదివాసీ రాజు కూతురని నీకెవరు చెప్పారన్నా?"

"మా నాన్న. ఆయన చెంప ఎముకలు చూశావా నువ్వు? అచ్చం ఆదివాసీలవే."

"మీ నాన్న మా పెద్దమ్మ మొగుడు. ఆయన చెంపలకీ మన సారాకీ సంబంధం ఏముంది?"

"అయినా డబ్బు వెనక్కివ్వరు" అని ఫోన్ పెట్టేశాడు.

జూలై మొదటి వారంలో నేనొక పొరపాటు చేశాను. దాన్ని పొరపాటని ఊరికే అంటున్నాను గానీ, సగం నా బుద్ధి చేసిన పనే.

ఆ గదిలో చెక్క సొరుగుల నిండా కార్డులున్నాయి. తొంభై ఏళ్ళ కిందట ఊళ్ళో చరిత్ర మీద సరదా ఉన్న దొరసానులెవరో కోర్టు పుస్తకాలన్నీ చదివి, ఒక్కో విషయం ఒక్కో కార్డు మీద టైపు చేసి, పేర్ల వరసలో పెట్టారు. బరువైన పుస్తకాలు తిరగేసే ఓపిక లేక నేను కార్డులు పట్టుకున్నాను. కెప్టెన్ ప్రూయిట్ పేరు కింద రెండు దొరికాయి.

మొదటిది: "అక్టోబరు 1714. కెప్టెన్ ప్రూయిట్ పనిమనిషి మార్గరెట్ డేసీ, నీగ్రో పురుషుని వలన ఈ నెలలో ఆడపిల్లను కన్నందుకు కోర్టు ముందుకు తేబడినది. జరిమానా కట్టలేదు కనుక, గడువు తీరిన పిమ్మట మరి అయిదేళ్ళు పనికి అమ్మబడవలెను."

రెండోది: "ఫిబ్రవరి 1714. కెప్టెన్ ప్రూయిట్ ఇంట పుట్టిన నాలుగు నెలల పిల్ల సారా, ముప్పై ఒక్క ఏళ్ళు నిండు వరకు ఆయనకు కట్టుబడి ఉండవలెను."

మార్గరెట్ డేసీ. ఓడ ఎక్కడానికి చేతిలో చిల్లిగవ్వ లేక ఏళ్ళ తరబడి చాకిరీకి ఒప్పుకుని వచ్చే తెల్ల పనిమనుషులుండేవారు, వాళ్ళలో ఒకతె. చదివి కార్డు బల్ల మీద పెట్టేశాను. తెల్లదా? మా తల్లుల వరసకి మొదట ఉన్నది తెల్లదా?

వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. ఫిబ్రవరికి సారాకి నాలుగు నెలలంటే అంతకు ముందు అక్టోబరులో పుట్టి ఉండాలి, 1713లో. మార్గరెట్ కన్నది 1714 అక్టోబరులో. అంటే ఆ పిల్ల వేరు, మా సారా వేరు. కుదరలేదు. అమ్మయ్య అనుకున్నాను. నిజం ఒప్పుకోవాలిగా, నాకు హాయిగా అనిపించింది. లెక్క మళ్ళీ సరిచూడలేదు, పుస్తకం తియ్యలేదు, నోరాకి చెప్పలేదు. మూడు వారాలపాటు ప్రూయిట్ ఇంట్లో ఉన్న మిగతా ఆడవాళ్ళందరి కోసం వెతికాను. బానిసల చిట్టాలు చూశాను, వీలునామాలు చూశాను. ఒక్కరూ సరిపోలేదు.

జూలై ఆఖరు వచ్చేసింది. పెద్దమ్మ రోజూ సాయంత్రం ఫోన్ చేసి, హలో కూడా అనకుండా, "దొరికిందా?" అనేది. లేదంటే "ఊఁ" అని పెట్టేసేది. ఆ ఊఁ రోజురోజుకీ చిన్నదైపోతోంది.

ఒక గురువారం నా కోపం ఇంకోవైపు తిరిగింది. సారా 1713 అక్టోబరులో పుడితే 1744 అక్టోబరుకి ముప్పై ఒకటి నిండుతాయి. విడుదల చేసింది 1745 నవంబరులో. అంటే ఏడాది పైచిలుకు ఆ కెప్టెన్ ఇంటివాళ్ళు ఊరికే చాకిరీ చేయించుకున్నారు.

"దొంగ సచ్చినోడు!" అన్నాను గట్టిగా.

నోరా తలెత్తింది. "ఎవరు?"

"మీ కెప్టెన్. మా పిల్ల దగ్గర ఒక ఏడాది కొట్టేశాడు."

"మా కెప్టెనేంటండీ? మా వాళ్ళకి పందులే గతి. ఏవీ, ఎక్కడ?"

కార్డులు చూపించాను. చూసింది. లేచి లోపలికెళ్ళి, అసలు పుస్తకాన్ని రెండు చేతులా మోసుకొచ్చి బల్ల మీద పెట్టింది.

"ఈ అక్టోబరు కేసు తియ్యండి. ఎన్నో పుట?"

"నూట పన్నెండు."

"ఫిబ్రవరిది?"

వెనక్కి తిప్పాను, లేదు. ఇంకా వెనక్కి తిప్పాను. నోరా చెయ్యి చాచి పుటలు ముందుకి తిప్పింది. నూట ముప్పై ఒకటిలో ఉంది.

"అక్టోబరు తర్వాత అదే ఏడు ఫిబ్రవరి ఎలా వస్తుంది? రాసినవాడు తాగి ఉన్నాడా?"

"తాగితే తాగుంటాడు, ఆ రోజుల్లో అందరూ అంతే. కానీ నెలలు సరిగ్గానే రాశాడు. అప్పట్లో కొత్త సంవత్సరం జనవరిలో రాదు లవీనియా గారూ. మార్చి ఇరవై అయిదున వస్తుంది. 1752లో గానీ మార్చలేదు. అక్టోబరు 1714, నవంబరు 1714, డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి, అన్నీ 1714లే. కార్డులు టైపు చేసినవాళ్ళు ఉన్నది ఉన్నట్టు దింపేశారు. ఈ గదికి కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళూ ఇక్కడే పడతారు. నేనూ పడ్డాను, మా పంది దొంగకి వాడి కొడుకు కంటే చిన్న వయసు కట్టాను."

నేను నవ్వలేదు. అక్టోబరు, నవంబరు, డిసెంబరు, జనవరి. ఫిబ్రవరికి నాలుగు నెలలు. అదే ఇల్లు, ఆడపిల్లే. కెప్టెన్ ఏడాది కూడా దొంగిలించలేదు. 1745 అక్టోబరుకి సారాకి ముప్పై ఒకటి నిండాయి, నవంబరులో విడుదలైంది.

"మీకు ముందే తెలుసు కదా?" అన్నాను.

నోరా కాసేపు పుస్తకం అంచు సర్దింది. "ముప్పై ఒక్క ఏళ్ళ కట్టుబాటు చూడగానే అనుమానమొచ్చింది. తెల్ల పనిమనిషికి నల్లవాడి వల్ల పుట్టిన పిల్లలకే ఆ శిక్ష. కానీ పేరు తెలీదు. పేరు లేకుండా ఆ మాట మీకు నేను చెప్పడం..." ఆగింది. "నేను చెప్పాల్సింది కాదనిపించింది."

ఆవిణ్ణి తప్పుపట్టలేకపోయాను. మూడు వారాలు కార్డు దాచుకున్నది నేనే కదా.

ఆ సాయంత్రం పెద్దమ్మ ఫోన్ చేసేదాకా ఆగకుండా నేనే వెళ్ళాను. వరండాలో చిక్కుడు గింజలు ఒలుస్తోంది. పక్కన కూర్చుని నేనూ ఒక గుప్పెడు తీసుకుని ఒలుస్తూ మొత్తం చెప్పాను. ఒలుస్తున్న ఆవిడ వేళ్ళు ఆగిపోయాయి.

"తెల్లదా?"

"అవును పెద్దమ్మా."

"తండ్రి?"

"నల్లవాడు. పేరు రాయలేదు."

"రాయరు. వాళ్ళకి ఆయనతో పనేముంది?" గిన్నె పక్కన పెట్టింది. "వీనీ, నేను ఆ తెల్ల బ్రిగ్స్ వాళ్ళింట్లో నలభై రెండేళ్ళు పనిచేశానా? ఆ ఇంట్లో నాలుగేళ్ళ పిల్ల ముక్కు తుడుస్తూ కూడా దాన్ని మర్యాదగా 'మిస్ ఆన్' అనాలి. అది మాత్రం నన్ను 'ఓజెల్లా' అని కేకేసేది. దాని అమ్మ మిస్, అమ్మమ్మ మిస్. ఆ ఇంట్లో కుక్క ఒక్కటే మిస్ కాదు. ఇప్పుడు మా అమ్మ పేరుతో మొదలెట్టి, వరసగా పిలుచుకుంటూ వెళ్ళి, చివర్న ఒక మిస్‌ని నిలబెట్టి, నా మనవలందరి చేతా పలికించనా? పిలవను. నేను పిలవను."

"మరి ఏం చేద్దాం?"

"సారా దగ్గర ఆగుతా. ఎప్పట్లాగే." గిన్నె మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది. ఇంక నా వైపు చూడలేదు.

ఇంటికొచ్చి ఆ రాత్రి అన్నం సయించలేదు. ఆవిడ చివరి కోరిక తీర్చబోయి దాన్ని చేజేతులా పాడుచేశాననిపించింది. మర్నాడు లియాండర్ అన్నకి చెబితే, "పోనీలే, అయితే ఈకలే ఖాయం" అని ఊరట పడ్డాడు. మీ అమ్మ బాధ కంటే నీకు చొక్కాలే ఎక్కువా అని నాలుగు తిట్టి పెట్టేశాను. పెద్దమ్మ ఫోన్ రావడం మానేసింది. నేను చేస్తే "పడుకుంది" అనేవాడు అన్న. పగలు పన్నెండింటికి మా పెద్దమ్మ పడుకోవడమేమిటి?

కలయిక ఇంకో మూడు రోజులుందనగా పొద్దున్నే ఫోన్ మోగింది.

"ఆ విడుదల కాగితం చదువు."

చదివాను.

"నెలేమిటి?"

"నవంబరు."

"పుట్టింది?"

"అక్టోబరు."

"కోర్టు ఎన్నాళ్ళకోసారి కూర్చునేది?"

"నెలకోసారి పెద్దమ్మా."

"అంటే ముప్పై ఒకటి నిండీ నిండగానే, వచ్చిన మొదటి కోర్టుకే వెళ్ళి నిలబడింది. అవునా? చదువు లేదు. గోడకి క్యాలెండరు లేదు. పొలంలో పనిచేసే పిల్లకి తను ఏ ఏడు ఏ నెలలో పుట్టిందో ఎలా తెలిసిందే?"

రెండు నెలలు ఆ కాగితాల మీద పడి ఉన్నాను. ఆ ప్రశ్న నాకు తట్టనే లేదు.

"కెప్టెన్ చెప్పుంటాడేమో" అన్నాను చివరికి.

"ఊరికే చాకిరీ చేసే మనిషిని వదులుకోవడానికా? వాడు చెప్పకుండా ఇంకో పదేళ్ళు నొక్కిపెట్టేవాడు. ఎవరో లెక్కపెట్టారు వీనీ. ఏడాదికో ముడి వేసిందో, గోడ మీద గీత గీసిందో. ఇంకెన్నేళ్ళో, ఏ నెలకో, ఆ పిల్లకి నూరిపోసింది. పిల్ల ఏ నెలలో పుట్టిందో కన్నదానికి కాక ఎవరికి గుర్తుంటుంది?"

"కాగితంలో అలా లేదు పెద్దమ్మా."

"కాగితంలో మా అమ్మ నాకు పాలిచ్చినట్టు కూడా లేదు. తాగలేదా నేను?" అంది. "వారం రోజులుగా అదే ఆలోచిస్తున్నా. మనం పిల్లల్ని కుర్చీ ఎక్కించి చెప్పిస్తున్నామే, అది ఫీబీతోనో హ్యానాతోనో మొదలైంది కాదు. ఆవిడే మొదలెట్టింది."

"అయితే పిలుస్తావా?"

"మిస్ అనను. అది మాత్రం నా వల్ల కాదు."

"ఎవరనమన్నారు నిన్ను?"

పెద్దమ్మ నవ్వింది. నెల రోజుల తర్వాత ఆ నవ్వు విన్నాను. ఫోన్ పట్టుకుని వంటింట్లో నిలబడ్డచోటే నాకు కళ్ళు తిరిగినంత సంతోషమేసింది.

ఆదివారం ఎండ పెళ్ళున కాసింది. నూట అరవై ఏడు మంది వచ్చారు. బల్లల మీద పంది తొడ ముక్కలు, మొక్కజొన్న రొట్టె, మాగిన పీచ్ పళ్ళ తీపి. నారింజ చొక్కాల్లో పిల్లలు ఈకల కిరీటాలు వీపున వేసుకుని పరిగెడుతున్నారు. నోరాని రమ్మన్నాను. మనవడితో సహా వచ్చి వెనక కుర్చీలో కూర్చుంది.

పెద్దమ్మని నేనూ అన్నా చెరోపక్కా పట్టుకుని నిలబెట్టాం. చేతికర్ర ఊని, మమ్మల్ని వదిలించుకుంది.

"మటిల్డా."

"ఇక్కడే ఉన్నాం."

"విన్నీ."

"ఇక్కడే ఉన్నాం."

జూడిత్, ఫీబీ, కెజయా, హ్యానా. ఒక్కో పేరుకీ పిల్లల గొంతులు పెద్దవాళ్ళ కంటే ముందే లేస్తున్నాయి. సారా పేరుకి పలికి, అందరూ కుర్చీల్లో వెనక్కి వాలబోయారు. అక్కడితో అయిపోతుందని వాళ్ళకి తెలుసు.

"మార్గరెట్" అంది పెద్దమ్మ.

మిస్ లేదు, ఇంటిపేరు లేదు. వీధిలో ఆడుకుంటున్న పిల్లని అన్నానికి రమ్మని పిలిచినట్టు పిలిచింది.

ఎవరూ పలకలేదు. ఈవిడెవరు అన్నట్టు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. సంగతి తెలిసిన మేం నలుగురైదుగురం కూడా బిగుసుకుపోయాం.

పెద్దమ్మ కర్రతో నేల మీద కొట్టింది.

"చెవులు పనిచెయ్యట్లేదా మీకు? సారా తల్లి మార్గరెట్. తెల్లది. పరాయింట్లో చాకిరీ చేసుకునేది. కూతురు పుట్టిన నెల ముప్పై ఒక్క ఏళ్ళు మరిచిపోకుండా లెక్కపెట్టి, ఆ పిల్లని సరిగ్గా వేళకి కోర్టు మెట్లెక్కించింది. ఎక్కించబట్టే ఇవాళ మీరిక్కడ కూర్చుని పళ్ళెం వంక చూస్తున్నారు. పలకండి."

మొదట పలికింది లియాండర్ అన్న. ఆ నారింజ చొక్కాలోనే, తల దించుకుని, చర్చిలో ఎప్పుడూ వినిపించనంత మెల్లిగా "ఇక్కడే ఉన్నాం" అన్నాడు. ఆ వెనక నేను, ఆ తర్వాత అందరూ. పెద్దమ్మ కళ్ళు మూసుకుని చివరి గొంతు దాకా విన్నది. నేను కుర్చీ దగ్గరికి లాగాను, కూర్చోలేదు.

"ఇంకొకడున్నాడు" అంది. "సారా తండ్రి. ఆయన పేరు రాయడానికి ఎవరికీ చేతులు రాలేదు. మీరు వెతకండి. దొరికితే నేనున్నా లేకున్నా పిలవండి. దొరికేదాకా ఇలాగే పిలవండి."

గుండెల నిండా గాలి పీల్చుకుని, "నాయనా" అని పిలిచింది.

ఈసారి పలకమని ఎవరికీ చెప్పక్కర్లేకపోయింది.